ఎసిటిక్ యాసిడ్ పీకేఏ 8.7 ఎందుకొచ్చింది?

టైట్రేషన్ గ్రాఫ్‌లో (సోడియం హైడ్రాక్సైడ్ పోస్తుంటే పీహెచ్ ఎలా మారిందో చూపేది) మీరు చదివింది ఈక్వివలెన్స్ పాయింట్ (యాసిడ్ మొత్తం క్షారంతో సరిగ్గా చర్య జరిపేసిన చోటు) దగ్గరి పీహెచ్, అందుకే పీకేఏ (యాసిడ్ బలాన్ని చెప్పే సంఖ్య) 4.76 రావాల్సిన చోట 8.7 వచ్చింది. గ్రాఫ్ బాగానే ఉంది.

1. గ్రాఫ్ నిట్టనిలువుగా లేచిన చోట మధ్య బిందువు పట్టుకోండి. మీ 25 మి.లీ. 0.1 మోలార్ యాసిడ్‌కి, అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ 25 మి.లీ. పడ్డాక అది వస్తుంది.

2. అందరూ వదిలేసేది ఇదే: సగం చేయాల్సింది ఆ ఘనపరిమాణాన్ని, పీహెచ్‌ని కాదు. 12.5 మి.లీ. దగ్గర సగం యాసిడ్ ఎసిటేట్‌గా మారిపోయి రెండూ సమానంగా ఉంటాయి, పీహెచ్ = పీకేఏ + లాగ్ (ఎసిటేట్/యాసిడ్) అనే సూత్రంలో లాగ్ 1 సున్నా కాబట్టి అక్కడి పీహెచ్చే పీకేఏ. 8.7ని సగం చేస్తే 4.35 వచ్చి దగ్గర్లోనే ఉందనిపిస్తుంది, మోసపోకండి.

3. ఈక్వివలెన్స్ పాయింట్ పీహెచ్ 7 దగ్గర రాలేదని టెన్షన్ వద్దు, అక్కడ మిగిలే ఎసిటేట్ బలహీన క్షారం కాబట్టి పీహెచ్ 7 పైనే ఉంటుంది. ఇండికేటర్‌గా (రంగు మారి ఆ పాయింట్ చూపేది) ఫినాఫ్తలీన్ వాడండి, మిథైల్ ఆరెంజ్ చాలా ముందే రంగు మార్చేస్తుంది.