ఇస్రో తన ఉపగ్రహాన్ని ఎడ్లబండి ఎక్కించింది వాహనం కొనే స్తోమత లేకనేనా?

కాదు. మీరు చూసిన ఆ ఎడ్లబండి ఫొటో 1981 నాటిది, బండి మీద ఉన్నది ఆపిల్ అనే ఇస్రో సమాచార ఉపగ్రహం. ఎడ్లబండిని వాడింది యాంటెన్నా పరీక్ష కోసం. ఆ ఫొటోను చూసి ఒకప్పుడు నేనూ మీలాగే జాలిపడ్డాను. ఆ జాలిని వదిలించింది నా సొంత పొరపాటు.

మాది అనంతపురం జిల్లా. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో ఒక చిన్న సంస్థలో వైర్‌లెస్ పరికరాలను పరీక్షించే పని చేస్తున్నాను. చేరిన కొత్తలో ఒక యాంటెన్నాను కొలవవలసి వచ్చినప్పుడు, జరపడానికి సులువుగా ఉంటుందని దానిని ఇనుప ట్రాలీ మీద పెట్టాను. ట్రాలీని ఒక జానెడు అటు జరిపితే ఒక అంకె, ఇటు జరిపితే మరొక అంకె వచ్చేది. యాంటెన్నాయే చెడిపోయిందని నమ్మి రెండు రోజులు దానినే విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాను. మూడవ రోజున మా పెద్ద టెక్నీషియన్ గారు వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఒక చెక్కబల్ల తెచ్చి వేశారు. అంకెలు కుదుటపడ్డాయి.

కారణం చిన్నదే. యాంటెన్నా నుంచి వెలువడే రేడియో తరంగం దగ్గరలోని లోహానికి తగిలి వెనుదిరుగుతుంది. నేరుగా వచ్చిన తరంగంతో అది కలిసినప్పుడు, రెండింటి ఎత్తుపల్లాలు ఎలా కలిశాయన్న దానిని బట్టి సంకేతం ఒకచోట బలపడుతుంది, మరొకచోట సన్నగిల్లుతుంది. అప్పుడు మనం కొలిచేది యాంటెన్నాను ఒక్కదానినే కాదు, యాంటెన్నాతో పాటు ట్రాలీని కూడా. సుమారు 670 కిలోల ఆపిల్‌ను లారీ మీద ఉంచి కొలిచినా ఇదే చిక్కు, పైగా లారీ మా ట్రాలీ కంటే ఎన్నో రెట్లు పెద్ద ఇనుప ముద్ద. అంత బరువును మోస్తూ, ఆరుబయట కదలగలిగి, లోహం తక్కువగా ఉండే వాహనం కావాలంటే ఎడ్లబండిని మించినది ఏముంటుంది? అయస్కాంత ప్రభావం లేకుండా ఉండడానికి అని చాలాచోట్ల క్లుప్తంగా రాస్తారు గాని, యాంటెన్నా వరకు అసలు పేచీ లోహంతోనే.

ఆ యాంటెన్నా మీద అంత పట్టింపు ఎందుకంటే, భూమి నుంచి ఆదేశాలు అందుకోవడానికి, తన స్థితిగతులు తెలపడానికి ఉపగ్రహానికి ఉన్న దారి అదే. 1981 జూన్ 19న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్ రాకెట్ మీద వెళ్లిన ఆపిల్‌కు కక్ష్యలో ఒక సౌరఫలకం విచ్చుకోలేదు. అయినా మనవారు దానిని దాదాపు 27 నెలలపాటు నడిపించారు.

డబ్బుకు కొదవ లేదని నేను అనడం లేదు. 1975లో అంతరిక్షానికి వెళ్లిన మన తొలి ఉపగ్రహం, 360 కిలోల ఆర్యభట్టను శాస్త్రవేత్త యు.ఆర్. రావు గారి బృందం తయారుచేసింది ఇదే పీణ్యలోని మామూలు షెడ్లలో. ఇక కేరళలోని రాకెట్ ప్రయోగ కేంద్రం తుంబాలో రాకెట్ భాగాన్ని సైకిల్ మీద తీసుకువెళ్తున్న ఫొటో ఉన్నది చూశారా, అది 1960లలోది. చర్చి భవనాన్నే పనిచోటుగా చేసుకున్న రోజులవి. మీ ప్రశ్న ఆ ఫొటో గురించి అయి ఉంటే అవుననే చెప్పేవాడిని.