కోడ్ అందరిదీ అయితే ఆదాయం ఎవరిది?

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం కలిసి మందుల దుకాణాల కోసం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రూపొందించాము. దాని సోర్స్ కోడ్‌ను స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేయాలని ఉంది గాని, పెద్ద సంస్థ ఏదైనా దాన్నే తీసుకొని మాకంటే తక్కువ ధరకు అమ్మితే మా గతి ఏమిటి?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: మీ భయం నిరాధారం కాదు. మార్చుకోవడానికీ అమ్ముకోవడానికీ అందరికీ హక్కు ఇవ్వని లైసెన్సును స్వేచ్ఛా లైసెన్సు అనరు; కనుక మీరు అమ్మబోయేది కోడ్ కాదని ముందే తేల్చుకోవాలి. రెడ్ హ్యాట్ అనే సంస్థ, లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌పై భద్రతా సవరణలను, దీర్ఘకాలిక మద్దతును చందాలకు అమ్ముతూ ఎదిగింది. దాదాపు అదే కోడ్ సెంటోస్ పేరిట ఉచితంగా దొరుకుతున్న కాలంలోనే, 2019లో, ఐబీఎం ఆ సంస్థను 3,400 కోట్ల డాలర్లకు కొన్నది.

మీ రంగంలోనూ అంతే. 2025 సెప్టెంబరు 22న అనేక మందులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, పాత నిల్వల ధరలు సరిచేసి, మరునాటి బిల్లు తప్పుపోకుండా చూసే మనిషి కోఠీలోని హోల్‌సేల్ వ్యాపారికి కావలసివచ్చాడు. ఆ పనికి ఏడాది ఒప్పందం రాయించుకోండి.

ఇక పెద్ద సంస్థల సంగతి. సమాచారాన్ని వెతికిపెట్టే ఎలాస్టిక్‌సెర్చ్ అనే సాఫ్ట్‌వేర్‌ను అమెజాన్ తన క్లౌడ్ సేవగా అమ్మసాగినప్పుడు, దాన్ని తయారుచేసిన సంస్థ 2021లో లైసెన్సు బిగించింది. అమెజాన్ పాత కోడ్ నుంచి ఓపెన్‌సెర్చ్ అనే శాఖను చీల్చుకొని ముందుకు సాగింది. 2024లో ఎలాస్టిక్‌సెర్చ్ సంస్థే ఏజీపీఎల్ అనే లైసెన్సును చేర్చి స్వేచ్ఛా లైసెన్సు వైపు తిరిగి వచ్చింది. క్లౌడ్ సర్వర్లను ఏర్పాటు చేసే టెర్రాఫామ్ అనే సాఫ్ట్‌వేర్ లైసెన్సు 2023లో మారినప్పుడూ అలాగే ఓపెన్‌టోఫు అనే శాఖ పుట్టింది. వాడుకరులు చేరిన తరువాత నిబంధనలు మార్చడం, నా దృష్టిలో, మొదటినుంచీ కోడ్ మూసి ఉంచడం కన్నా నష్టదాయకం.

అందుచేత మొదటే ఏజీపీఎల్ ఎంచుకోండి. మీ కోడ్‌ను మార్చి ఇంటర్నెట్ సేవగా నడిపేవారు ఆ మార్పుల సోర్స్‌ను తమ వాడుకరులకు ఇవ్వవలసి ఉంటుంది. అమ్మకం ఆగదు గాని, రహస్యంగా మెరుగుపరచుకునే వెసులుబాటు పోతుంది. పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించండి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తరహాలో, కోడ్ మూసి ఉంచదలచిన కొనుగోలుదారుకు వేరే లైసెన్సు అమ్మే దారీ ఉంది. అయితే దానికి కాపీరైట్ అంతా ఒకే చేతిలో ఉండాలి. నలుగురు మిత్రులన్నారు గనుక ఒక మాట: స్నేహం చెడక ముందే ఆ హక్కులను రాతపూర్వకంగా సంస్థ పేరిట బదిలీ చేయండి, బయటివారి కోడ్ చేర్చుకునేటప్పుడు కూడా అటువంటి ఒప్పందమే తీసుకోండి.