మీ ప్రశ్న – మా జవాబు: ఇంజన్‌కి రాత్రి సెలవు లేదు

ప్రశ్న: మా తాతయ్య బిట్రగుంట లోకో షెడ్డులో, అంటే రైలింజన్లు నిలిపే చోట, కలాసీగా చేశారు. డ్రైవర్లు ఇంటికెళ్లాక కూడా ఆయనకు రాత్రంతా పని ఉండేదని నాయనమ్మ అంటుంది. ఆగిపోయిన ఆవిరి ఇంజన్ దగ్గర అంత పనేముంటుందండీ? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఆగిపోయిందని ఎవరన్నారమ్మా! నేనూ ఆ షెడ్డులోనే కలాసీగా చేరి, తర్వాత ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌నయ్యాను. ఆపేసి తాళం వేసే సరుకు కాదది. డబ్ల్యూజీ గూడ్సు ఇంజన్‌లో ఆవిరి చదరపు అంగుళానికి 210 పౌండ్ల ఒత్తిడికి రావాలి. బాయిలర్ చల్లబడితే అది గంటల పని. తొందరపడి మంట పెంచామా, ఇనుము ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ సాగి బాయిలర్ లోపలి ట్యూబులు కారతాయి. అందుకే పొద్దున్నే బండికెళ్లే ఇంజన్‌లో నిప్పు ఆర్పేవాళ్లం కాదు. నిప్పుల్ని పొయ్యి తలుపు దగ్గరికి లాగి, తడి బొగ్గు కప్పి, గాలి వచ్చే డంపర్లు మూసేవాళ్లం. మా అమ్మ కుంపట్లో నిప్పుల మీద బూడిద కప్పి దాచేది, అదే పద్ధతి.

ఇక బాయిలర్‌లో నీటి మట్టం చూపించే గాజు గొట్టం, గేజ్ గ్లాసు. కునుకు పట్టినా అందులో నీళ్లెక్కడున్నాయో చూస్తూనే ఉండాలి. బొగ్గు మండే ఫైర్‌బాక్స్ నెత్తిమీద నీళ్లు తగ్గితే అక్కడ బిగించిన సీసం ప్లగ్గు కరిగి, ఆవిరి మంట మీద పడుతుంది. ఇంజన్ పేలకుండా అదొక ఏర్పాటు. కానీ ప్లగ్గు కరిగిందంటే మాత్రం చార్జిషీటు ఖాయం!

బూడిద దింపడం, కరిగి గడ్డకట్టిన బూడిదని, అదే క్లింకర్‌ని, పొడవడం సరేసరి. మాకొచ్చేది ఎక్కువగా సింగరేణి బొగ్గు, బూడిదకేం కొదవ లేదు.

వీటన్నిటికన్నా నన్ను ఏడిపించింది ఇసక. చక్రాలు జారకుండా పట్టాల మీదికి గొట్టంలోంచి ఇసక వదులుతారు. దాన్ని పొయ్యి మీద వేయించి, జల్లించి పొయ్యాలి. ఒక వానరాత్రి బద్ధకించి, పైపైన ఆరినదే పోసేశాను. గొట్టం పూడుకుపోయింది. బండి కదలకుండా చక్రాలు అక్కడికక్కడే తిరిగాయట. డ్రైవరు మర్నాడు వచ్చీరాగానే, "ఏందిరా, నువ్వు పోసింది ఇసకా, అట్ల పిండా?" అన్నాడు. అప్పట్నుంచి గుప్పిట్లో పట్టి, జారితేనే పోసేవాణ్ణి.

మీ నాయనమ్మను అడగండి, తాతయ్య చొక్కా ఉతికేటప్పుడు జేబుల్లోంచి ఎంత ఇసక రాలిపడేదో.