డ్యాక్ కొనేముందు వెనక జాక్‌లో పెట్టి చూడండి

ప్రశ్న: మాది విజయవాడ. పాటలు, కచేరీలు అన్నీ డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోనే వింటాను. ఈమధ్య బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో హెడ్‌ఫోన్స్ కొన్నాను, 250 ఓమ్‌ల రకం. వాల్యూమ్ మొత్తం పెంచినా పాత కచేరీ రికార్డింగులు మెల్లగానే వినిపిస్తున్నాయి. దానికి తోడు మౌస్ కదిపినప్పుడల్లా చెవిలో సన్నగా జుయ్‌మంటోంది. మంచి డ్యాక్ పెడితే అన్నీ సర్దుకుంటాయని ఫ్రెండ్స్ అంటున్నారు. పది వేలది ఒకటి, ముప్పై వేలది ఒకటి చూసి పెట్టుకున్నాను. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీరు చెప్పినవి రెండు ఇబ్బందులు. సౌండ్ చాలకపోవడం ఒకటి, రొద ఒకటి. రెండింటికీ మందు ఒకే పెట్టెలో దొరుకుతుంది కానీ కారణాలు మాత్రం వేరు. ఆ కారణాలు తెలిస్తే ముప్పై వేలు పెట్టాలో వద్దో మీకే అర్థమవుతుంది.

పాట ఫైల్‌లో ఉండేవన్నీ అంకెలే. సీడీ లెక్కన అయితే ఒక్కో చానెల్‌కి సెకనుకు 44,100 అంకెలు. వాటిని హెచ్చుతగ్గుల వోల్టేజీగా మార్చేది డ్యాక్. ఆ వోల్టేజీకి హెడ్‌ఫోన్‌లోని కాయిల్‌ని కదిలించే బలం ఇచ్చేది యాంప్. మీ మదర్‌బోర్డులో రెండూ ఇప్పటికే ఉన్నాయి. ఫోన్‌లో, టీవీలో, చెవిలో పెట్టుకునే బ్లూటూత్ బడ్స్‌లో కూడా ఉన్నాయి. అందుకే ఉన్నది ఎక్కడ చాలడం లేదో ముందు చూసుకుని, ఆ లోటు తీర్చే దానికే డబ్బు పెట్టండి.

ముందు రొద సంగతి. మీ హెడ్‌ఫోన్స్ వైరు ఎక్కడ గుచ్చారు? బహుశా క్యాబినెట్ ముందు వైపు జాక్‌లో అయ్యుంటుంది. చాలామంది అక్కడే పెడతారు, చేతికి అందుతుంది కాబట్టి. ఆ జాక్ నుంచి ఒక సన్నని వైరు క్యాబినెట్ లోపల గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై పక్కనుంచి మదర్‌బోర్డు దాకా వెళ్తుంది. దారిలో ఉన్న కరెంటు గోలంతా అది పట్టుకొస్తుంది. ఒకసారి వెనక ఉన్న ఆకుపచ్చ జాక్‌లో పెట్టి వినండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

హైదరాబాద్‌లో మా పిన్ని కొడుకు కంప్యూటర్ దగ్గర కూర్చుని ఇదే పని చేశాం. బ్రౌజర్‌లో పేజీ పైకీ కిందకీ జరుపుతుంటే, దాంతోపాటే చెవిలో కీచుమనే శబ్దం పెరుగుతోంది, తగ్గుతోంది. వెనక జాక్‌కి మార్చాం. సగానికి పైగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అప్పుడు నా బ్యాగ్‌లో ఉన్న చిన్న యూఎస్‌బీ డాంగిల్ (డ్యాక్, యాంప్ రెండూ లోపలే ఉన్న బుల్లి ముక్క) తీసి, మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌కి తగిలించి, క్యాబినెట్‌కి దూరంగా టేబుల్ మీద పెట్టాం. వాడు హెడ్‌ఫోన్స్ తీసి చేతిలో పట్టుకుని, ‘అన్నయ్యా, కనెక్ట్ అయినట్టు లేదు’ అన్నాడు. అంత నిశ్శబ్దం వచ్చిందన్నమాట. పాట పెట్టగానే వాడి మొహం వెలిగిపోయింది. డ్యాక్‌ని కంప్యూటర్ పెట్టె లోపలినుంచి బయటికి తేవడంలో ఉన్న లాభం ఇదే. చిప్ ఎంత ఖరీదైనదన్నది ఆ తర్వాతి మాట.

ఇక సౌండ్ చాలకపోవడం. ఇది డ్యాక్ లోటు కాదు, యాంప్‌లో వోల్టేజీ లోటు. మీ హెడ్‌ఫోన్స్‌కి 1 మిల్లీవాట్ ఇస్తే 96 డెసిబెల్స్ వస్తాయని కంపెనీ చెబుతుంది. 250 ఓమ్‌ల మీద 1 మిల్లీవాట్ రావాలంటే అర వోల్ట్ కావాలి. మామూలు మదర్‌బోర్డు జాక్, చిన్న డాంగిల్ సుమారు 1 వోల్ట్ దాకా ఇస్తాయి. అంటే మీకు అందే గరిష్ఠం 102 డెసిబెల్స్. ఇప్పటి సినిమా పాటలకి అది ఎక్కువే. కచేరీ రికార్డింగ్ అలా ఉండదు. మృదంగం తని ఆవర్తనంలో ఒక్కో దెబ్బ పైకి లేస్తుంది, మిగతా అంతా దానికి 20 డెసిబెల్స్ కిందే నడుస్తుంది. పాత రికార్డింగులైతే అసలే తక్కువ లెవెల్‌లో ఎక్కించి ఉంటాయి. అందుకే మీకు చాలడం లేదు. ఆ దెబ్బలు 110 డెసిబెల్స్ దాకా నలగకుండా రావాలంటే 25 మిల్లీవాట్లు, అంటే 2.5 వోల్టులు కావాలి.

అదే మీరు ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ కొని ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. దానిది 38 ఓమ్‌లు, 1 మిల్లీవాట్‌కి 99 డెసిబెల్స్. 110 దాకా వెళ్లడానికి 0.7 వోల్ట్ సరిపోతుంది. మీ డీటీ 770 కూడా 32, 80 ఓమ్‌ల రకాల్లో దొరుకుతుంది. కంప్యూటర్‌కో ఫోన్‌కో నేరుగా తగిలించుకోవాలనుకునేవాళ్లు ఆ రకాలు చూసుకోవాలి. ఎక్కువ ఓమ్‌లుంటే క్వాలిటీ ఎక్కువని షాపుల్లో చెబుతుంటారు, నమ్మకండి. ఏ యాంప్‌కి ఏది తగునో చెప్పే అంకె అది, అంతే.

కాబట్టి మీకు కావాల్సింది డ్యాక్, యాంప్ రెండూ కలిసి ఉన్న ఒక చిన్న డెస్క్‌టాప్ పెట్టె. స్పెసిఫికేషన్స్‌లో మీ 250కి దగ్గరగా ఉండే 300 ఓమ్‌ల దగ్గర పవర్ ఎంతో చూడండి. 32 ఓమ్‌ల దగ్గర వెయ్యి మిల్లీవాట్లు, రెండు వేలు అని పెద్దక్షరాల్లో వేస్తారు. మీ హెడ్‌ఫోన్స్‌కి ఆ అంకెతో పని లేదు. 300 దగ్గర 50 మిల్లీవాట్లు ఉన్నా మీకు ధారాళంగా సరిపోతుంది. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (కరెంటుకి యాంప్ తనవైపు నుంచి పెట్టే అడ్డు, దీన్నీ ఓమ్‌లలోనే కొలుస్తారు) 2 ఓమ్‌ల లోపు ఉంటే మంచిది. మీ 250 ఓమ్‌లకి అది పెద్ద విషయం కాదు కానీ, రేపు 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్స్ తగిలిస్తే బాస్ మారిపోకుండా ఉంటుంది. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. ముందువైపు 6.35 మిల్లీమీటర్ల పెద్ద జాక్, చేత్తో తిప్పే వాల్యూమ్ నాబ్, గెయిన్ (యాంప్ సౌండ్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్నది) తక్కువ-ఎక్కువ మార్చే వీలు, ఈ మూడూ ఉండాలి. స్పీకర్లు కూడా ఉంటే వెనక లైన్ అవుట్ (స్పీకర్లకి వైరు తగిలించే జాక్) ఉండేది చూసుకోండి.

ఫియో కె11, టాపింగ్ డీఎక్స్3 ప్రో ప్లస్, ఐఫై జెన్ డ్యాక్, ఇలాంటివాటిలో ఏదైనా మీ పని చేసిపెడుతుంది. మొదటి రెండింటికీ యూఎస్‌బీతో పాటు ఆప్టికల్ ఇన్‌పుట్ కూడా ఉంది కాబట్టి టీవీకి కూడా తగిలించుకోవచ్చు. జెన్ డ్యాక్‌లో ఇన్‌పుట్ యూఎస్‌బీ ఒక్కటే. 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ జాక్ కోసం మాత్రం అదనంగా డబ్బు పెట్టకండి. మీ డీటీ 770 వైరు ఊడదీసి మార్చుకునేది కాదు, ఆ జాక్‌తో మీకు పనే పడదు.

ఇక ఆ ముప్పై వేల పెట్టె. అందులో పేరున్న చిప్ ఉందని, సౌండ్ ‘వెచ్చగా’ ఉంటుందని చెప్పి ఉంటారు. ఇ.ఎస్.ఎస్., ఎ.కె.ఎం., సిరస్ లాజిక్, ఏ కంపెనీ చిప్ అయినా ఈ రోజుల్లో లోపాలు మనిషి చెవికి అందని స్థాయికి ఎప్పుడో చేరిపోయింది. 2020 అక్టోబర్‌లో జపాన్‌లోని నొబెయోకాలో ఎ.కె.ఎం. ఫ్యాక్టరీ తగలబడి చిప్‌లు దొరక్కుండా పోయాయి. అప్పుడు చాలా కంపెనీలు అదే మోడల్‌లో వేరే కంపెనీ చిప్ పెట్టి అమ్మాయి. చిప్ మారినంత మాత్రాన మంచి డిజైన్ చెడిపోలేదు. చుట్టూ ఉన్న సర్క్యూట్, పవర్ సప్లై బాగుండాలి, అది ముఖ్యం.

నేను ఇంట్లో ఒక పరీక్ష చేసుకున్నాను. ధరలో ఐదు రెట్లు తేడా ఉన్న రెండు పెట్టెలు. మామూలుగా మార్చి మార్చి వింటే ఖరీదైనదే బాగుందనిపించింది. తర్వాత 200 హెర్ట్జ్ టోన్ పెట్టి మల్టీమీటర్‌తో కొలిస్తే, చవకది 0.50 వోల్ట్, ఖరీదైనది 0.53 వోల్ట్ చూపించింది. అర డెసిబెల్ తేడా. కొంచెం పెద్దగా వినిపించేది చెవికి ‘పెద్దగా’ అనిపించదు, ‘స్పష్టంగా’ అనిపిస్తుంది. నాబ్ వెంట్రుకవాసి తిప్పి రెండింటినీ సమానం చేశాను. ఆ తర్వాత మా అన్నయ్య కొడుకు నా వెనక నిలబడి వైర్లు మార్చాడు. ఇరవైసార్లలో పదకొండుసార్లు సరిగ్గా చెప్పాను. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది. మీరు షాపులో వినేటప్పుడు కూడా ముందు వాల్యూమ్‌లు సమానం చేయమని అడగండి. చేయకపోతే ఆ వినడానికి విలువ లేదు.

అందుకే నా సలహా: చవకది తీసుకోండి. మిగిలిన ఇరవై వేలు దాచి, కొన్నాళ్లకి ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ (వెనక వైపు మూసేయకుండా గాలి ఆడేలా ఉండేవి) ఒకటి కొనుక్కోండి. తంబురా నాదం తలలో కాకుండా గదిలో వినిపించినట్టుంటుంది. ఆ తేడా కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

ఇంకొక్క జాగ్రత్త. కొత్త పెట్టెలో బలం చాలా ఎక్కువ. నాబ్ పూర్తిగా తగ్గించాకే హెడ్‌ఫోన్స్ గుచ్చండి. పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకీ ఆ సమయం సగమవుతుంది. 110 అన్నది ఒక్క క్షణం లేచే దెబ్బకి కావాల్సిన వెసులుబాటు మాత్రమే, ఆ స్థాయిలో వినడానికి కాదు.

ప్రశ్న: బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌కి డ్యాక్ పెడితే క్వాలిటీ పెరుగుతుందా?

జవాబు: పెరగదు. డ్యాక్, యాంప్ రెండూ ఆ హెడ్‌ఫోన్స్ లోపలే ఉంటాయి. మీరు బయట ఏది పెట్టినా అంకెలు గాల్లోనే వెళ్లి లోపల మారతాయి.

ప్రశ్న: హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ డ్యాక్, దానికి స్పీకర్లు, హెడ్‌ఫోన్స్. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే సన్నని గుమ్‌మనే హమ్ మొదలవుతుంది. తీసేస్తే పోతుంది. డ్యాక్ పాడైందా?

జవాబు: మీ డ్యాక్‌కి ఏమీ కాలేదు, టెన్షన్ పడకండి. చార్జర్ ఒక ప్లగ్‌లో, స్పీకర్లు మరో మూల ప్లగ్‌లో ఉండుంటాయి. రెండు చోట్లా ఎర్త్ ఒకే స్థాయిలో లేకపోతే, ఆ తేడా యూఎస్‌బీ కేబుల్ గుండా ప్రవహించి 50 హెర్ట్జ్ హమ్ అవుతుంది. ముందు అన్నిటినీ ఒకే పవర్ స్ట్రిప్‌లోకి తెచ్చి చూడండి. చాలా ఇళ్లలో దీంతోనే పోతుంది. పోకపోతే ల్యాప్‌టాప్‌కీ డ్యాక్‌కీ మధ్య యూఎస్‌బీ ఐసోలేటర్ (డేటాని పంపిస్తూ కరెంటు దారిని తెంపే చిన్న పరికరం) పెట్టండి. డెస్క్‌టాప్ అయితే, టీవీ అయితే ఆప్టికల్ కేబుల్ వాడండి. అందులో వెళ్లేది వెలుగు మాత్రమే, కరెంటు దాటే దారే ఉండదు.

ఒకటి గమనించండి. చార్జింగ్‌లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ మెటల్ బాడీ మీద వేలు మెల్లగా రాస్తే జివ్వుమంటోందా? రెండు పిన్నుల చార్జర్‌తో అయితే అది మామూలే. మూడు పిన్నుల చార్జర్ పెట్టినా అలాగే ఉంటే మీ ఫ్లాట్‌లో ఎర్తింగ్ అందడం లేదని అనుమానించాలి. అది పాటల సమస్య కన్నా పెద్దది. గీజర్, వాషింగ్ మెషీన్ ఉన్న ఇంట్లో అస్సలు ఊరుకోకూడదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్రతి సాకెట్ చూపించండి, ఓనర్‌కి చెప్పండి. హమ్ పోతుందని మూడో పిన్ను విరగ్గొట్టే సలహా ఎవరిచ్చినా వినకండి, అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ప్రశ్న: డ్యాక్ కొన్నాను. విండోస్‌లో 384 కిలోహెర్ట్జ్ దాకా ఆప్షన్ ఉంది. అన్నిటికన్నా పెద్దది పెట్టుకోవాలా?

జవాబు: వద్దు. సెకనుకు ఎన్ని వేల అంకెలన్నదే ఆ కిలోహెర్ట్జ్ లెక్క. పాట 44.1లో ఉంటే 44.1, వీడియోలు ఎక్కువ చూస్తే 48 పెట్టండి. 44.1 కిలోహెర్ట్జ్‌లో 22 కిలోహెర్ట్జ్ వరకూ శబ్దం పూర్తిగా పడుతుంది, మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది. 2007లో బోస్టన్‌లో మేయర్, మోరన్ అనే ఇద్దరు, హై రిజల్యూషన్ డిస్కుల్ని ఉన్నదున్నట్టు ఒకసారి, మధ్యలో సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు దాదాపు సగం, అంటే ఊహించి చెప్పినట్టే. బిట్స్ (ఒక్కో అంకె ఎంత సూక్ష్మంగా ఉందో చెప్పేవి) మాత్రం 24 ఉంచండి, విండోస్‌లో వాల్యూమ్ తగ్గించినప్పుడు నష్టం లేకుండా ఉంటుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయండి. విండోస్ వాల్యూమ్ 100లో పెట్టి, పెంచడం తగ్గించడం పెట్టె మీది నాబ్‌తోనే చేయండి. 2017 తర్వాతి విండోస్ 10 అయితే డ్రైవర్ కూడా అక్కర్లేదు, కేబుల్ పెట్టగానే పట్టుకుంటుంది. పట్టుకోకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. కొన్ని టైప్-సి కేబుళ్లు చార్జింగ్‌కే పనికొస్తాయి, వాటిలో డేటా తీగలు ఉండవు.