విమానం పిలిచేలోపు చెప్పిన రెండు మాటలు
ఆటల పేజీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: గత నెల ఢిల్లీ వెళ్తూ శంషాబాద్ విమానాశ్రయంలో కూర్చుని ఉంటే, మా ఎదుటి కుర్చీలో పేరున్న బ్యాడ్మింటన్ క్రీడాకారిణి ఒకరు కనిపించారు. దారిలో మాట్లాడిన మాట కాబట్టి పేరు రాయడం లేదు. మా అమ్మాయికి 12 ఏళ్లు. నాలుగేళ్లుగా ఆడుతోంది. జిల్లా పోటీల్లో రెండో రౌండు దాటడం లేదు. "మీ విజయ రహస్యం ఏమిటండీ?" అని అడిగాను. ఆవిడ మా అమ్మాయి వైపు తిరిగి, "షాట్లు వాటంతట అవే వస్తాయమ్మా, ముందు కాళ్లు చూసుకో. ఓడిన మ్యాచ్ ఆ రాత్రే రాసుకో" అన్నారు. ఇంతలో బోర్డింగ్ పిలిచారు, వెళ్లిపోయారు. అది మర్యాదకు చెప్పిన మాటా, నిజంగా చేయాల్సిన పనా? చేయాలంటే ఎలా చేయాలి?
— ఒక తల్లి, విజయవాడ

జవాబు: నిజంగా చేయాల్సిన పనేనమ్మా. రెండు నిమిషాల్లో అంతకన్నా మంచి సలహా ఎవరూ ఇవ్వలేరు. ఆవిడ మీ వైపు కాకుండా అమ్మాయి వైపు తిరిగి చెప్పడం కూడా గమనించండి, ఆ పని చేయాల్సింది అమ్మాయే.

ముందు కాళ్ల సంగతి. సింగిల్స్‌లో ఒక్కొక్కరు కాచుకోవాల్సిన నేల 6.7 మీటర్ల పొడవు, 5.18 మీటర్ల వెడల్పు. మధ్యలో నిలబడితే ఏ మూలకైనా రెండు మూడు అడుగులు వేస్తే చేరిపోవచ్చు. జిల్లా స్థాయిలో పిల్లలు ఎక్కువగా ఓడేది ఆ అడుగులు చిన్నవై కాదు, మొదటి అడుగు ఆలస్యమై. ఆలస్యంగా చేరితే షటిల్ అప్పటికే ఒంటికి దగ్గరకు, కిందికి వచ్చేస్తుంది. అప్పుడు ఎంత మంచి షాట్ నేర్చుకున్నా మణికట్టుతో తోయడమే అవుతుంది. చూసేవాళ్లు "బ్యాక్‌హ్యాండ్ బలహీనం" అంటారు. తప్పు మాత్రం పాదాల దగ్గర జరిగి ఉంటుంది.

ఆ మొదటి అడుగుకు మూలం స్ప్లిట్ స్టెప్, అంటే చిన్న గెంతు. అవతలి అమ్మాయి రాకెట్ షటిల్‌కి తగిలే సమయానికి మీ అమ్మాయి పాదాలు నేల నుంచి ఒక్క అంగుళం లేచి ఉండాలి. తగిలిన మరుక్షణం భుజాలకన్నా కాస్త వెడల్పుగా, మునిపాదాల మీద దిగాలి. అలా దిగినప్పుడు కాళ్లు స్ప్రింగుల్లా ఏ వైపుకైనా తోస్తాయి. ముందే దిగిపోతే ఆ ఊపు చచ్చిపోతుంది. అసలు గెంతకపోతే బరువంతా మడమల మీద ఉండిపోతుంది.

దీన్ని కోర్టు పక్కన నిలబడి కంటితో పట్టుకోవడం కష్టం. ఫోన్‌ను మీ అమ్మాయి వెనకవైపు, మనిషి ఎత్తులో కట్టి, స్లో మోషన్‌లో పది ర్యాలీలు తీయండి. ప్రతి ర్యాలీలోనూ అవతలి రాకెట్ షటిల్‌ని తాకే చోట బొమ్మ ఆపి పాదాలు చూడండి. పదింటిలో ఎన్నిసార్లు గాల్లో ఉన్నాయో లెక్కపెట్టి, ఆ సంఖ్య తేదీతో సహా రాసి పెట్టండి. నెల తర్వాత మళ్లీ తీయండి.

ఆలస్యానికి సాధారణంగా రెండు కారణాలు. ఒకటి, తాను కొట్టిన షాట్‌ను తానే చూస్తూ ఉండిపోవడం. రెండోది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది: "కొట్టగానే మధ్యకు వచ్చేయ్" అని నేర్పారు కాబట్టి, అవతలివాళ్లు కొడుతున్నా ఇంకా మధ్యకు నడుస్తూనే ఉంటుంది. మధ్య అంటే మేకు కొట్టిన చోటు కాదు. అవతలి రాకెట్ కదిలే వేళకు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడే ఆగి గెంతాలి. ఈ ఒక్కటి సరిదిద్దితే చాలామంది పిల్లల ఆట నెల తిరిగేసరికి తేడాగా కనిపిస్తుంది.

సాధనకు షాడో చేయించండి. షటిల్ అక్కర్లేదు. మీరు నెట్ అవతల నిలబడి చేత్తో మూల చూపిస్తే, అమ్మాయి గెంతి, ఆ మూలకు వెళ్లి, రాకెట్ ఊపి తిరిగి రావాలి. మూలలు ఆరు: ముందు రెండు, పక్కలు రెండు, వెనక రెండు. 20 సెకన్లు కదలిక, 40 సెకన్లు విశ్రాంతి, అలా 8 సార్లు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. వరస ముందే తెలిసేలా చూపించకండి, అలా చేస్తే డాన్సు నేర్చుకున్నట్టు ఉంటుందే తప్ప స్పందన రాదు. నిమిషాల తరబడి ఆపకుండా చేయిస్తే ఇంకో నష్టం ఉంది. అలసిన కాళ్లు నెమ్మది అడుగులనే అలవాటు చేసుకుంటాయి. వేగం తగ్గిందనిపిస్తే ఆరోసారికే ఆపేయండి. సిమెంటు కోర్టు అయితే గెంతుల లెక్క సగానికి తగ్గించండి, పిక్క ఎముక ముందు భాగంలో నొప్పి మొదలయ్యేది అక్కడే.

ముందు మూలలకు వెళ్లేటప్పుడు చివరి పెద్ద అడుగు రాకెట్ చేతి వైపు కాలిది కావాలి. మడమ ముందు ఆనాలి, వేళ్లు, మోకాలు ఒకే దిక్కు చూడాలి. మోకాలు లోపలికి వాలుతుంటే షాట్లు ఆపి ముందు దాన్నే సరిచేయించండి. కొన్నాళ్లకు మోకాలి చిప్ప కింద నొప్పిగా బయటపడేది అదే. ఇంట్లోనే చేసే ఇంకో పరీక్ష ఉంది: బూట్లు తిరగేసి చూడండి. కుడిచేతి ఆట అయితే ఎడమ బూటు బొటనవేలి లోపలి అంచు అరిగి ఉండాలి, వెనక కాలు సరిగా ఈడ్చుకు వస్తోందనడానికి అది గుర్తు. ఎడమ మడమ ఎక్కువ అరిగితే నిలుచున్నప్పుడు బరువు వెనక్కి వేస్తోందేమోనని అనుమానించాలి. అవి పరుగు బూట్లయితే మాత్రం ఇవాళే మార్చండి. వాటి ఎత్తయిన మెత్తటి సోల్ పక్కకు కదిలేటప్పుడు చీలమండను మడతేస్తుంది. పల్చటి గమ్ సోల్ ఉన్న ఇండోర్ బూట్లే వేయాలి.

ఇక రాసుకోవడం. ఆ రాత్రే ఎందుకంటే, రెండ్రోజులు పోతే స్కోరు గుర్తుంటుంది కానీ పాయింట్లు ఏ మూలన పోయాయో గుర్తుండదు. మ్యాచ్ జరుగుతుండగా మీరు ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీసుకోండి: నెట్‌కి కొట్టినవి, బయటికి పోయినవి, సర్వీసులో పోయినవి, అవతలి అమ్మాయి నిజంగా గెలుచుకున్నవి. పాయింటు పోయినప్పుడల్లా ఒక గీత. గీత పక్కన ఏ మూలో ఒక్క అక్షరం.

ఉదాహరణకు 15-21, 12-21తో ఓడిందనుకోండి. పోయిన పాయింట్లు 42. గీతలు లెక్కపెడితే 26 సొంత తప్పులు, వాటిలో 12 బ్యాక్‌హ్యాండ్ వైపు వెనక మూలవి అని తేలిందనుకుందాం. వచ్చే వారం ఏం చేయాలో ఇక ఎవరినీ అడగక్కర్లేదు. రోజూ 15 నిమిషాలు ఆ మూలకే షటిళ్లు వేయించాలి, పది చొప్పున ఆరు విడతలు. క్లియర్, అంటే వెనక దాకా ఎత్తుగా పంపే షాట్, అవతల వెనకున్న డబుల్స్ సర్వీసు గీత దాటి పడితేనే లెక్క. ఆ గీత చివరి గీతకు 76 సెంటీమీటర్ల లోపల ఉంటుంది. పదింటికి ఏడు దాటే దాకా అదే పని.

రాత్రి నోట్‌బుక్‌లో మాత్రం అమ్మాయే రాయాలి, తన మాటల్లో, నాలుగైదు వాక్యాలు చాలు. ఎక్కడ వరసగా పాయింట్లు పోయాయి (9-9 నుంచి 9-14 అయిన చోట్లే అసలు కథ ఉంటుంది), అప్పుడు తాను ఏం ప్రయత్నించింది, రేపు ఏం చేస్తుంది. "కాన్ఫిడెన్స్ లేదు" అని రాస్తే కొట్టేయించండి, రేపు ఉదయం కోర్టులో దానితో చేసేదేమీ లేదు. "11 తర్వాత అన్నీ ఎత్తి కొట్టాను" అంటే దానితో పని ఉంది. ఇంటికి వచ్చే దారిలో ఆట గురించి మీరు ఒక్క మాటా ఎత్తకండి. ఇది కష్టమని తెలుసు, అయినా ఎత్తకండి. బండి మీద తిట్లు తిన్న పిల్ల రాత్రి నోట్‌బుక్‌లో నిజం రాయదు.

ఓటమి ఎంత విలువైందో చూడాలంటే పి.వి. సింధు ప్రపంచ చాంపియన్‌షిప్ ఫలితాలు వరసగా పెట్టి చూపించండి. 2017లో గ్లాస్గో ఫైనల్‌లో జపాన్ క్రీడాకారిణి ఒకుహర చేతిలో 110 నిమిషాలు పోరాడి 19-21, 22-20, 20-22తో ఓడారు. 2018లో నాన్జింగ్ ఫైనల్‌లో స్పెయిన్ క్రీడాకారిణి మారిన్ చేతిలో ఓడారు. 2019లో బాసెల్ ఫైనల్‌లో అదే ఒకుహరను 21-7, 21-7తో, 40 నిమిషాలు కూడా పట్టకుండా ఓడించారు. అంతకు రెండేళ్ల ముందు మూడో గేములో రెండు పాయింట్లతో పోయిన ఆట అది.

ఆవిడ చెప్పే సమయం లేక వదిలేసిన మాట ఒకటి మేం చేరుస్తాం: నిద్ర. 12 ఏళ్ల దాకా రోజుకు 9 నుంచి 12 గంటలు, ఆ పైన 18 దాకా 8 నుంచి 10 గంటలు కావాలి. తెల్లవారి 5 గంటలకు కోర్టుకు లేపాలంటే రాత్రి 8 గంటలకే పడుకోబెట్టాలి. ట్యూషన్ వల్ల అది కుదరకపోతే వారంలో రెండు ఉదయాలు ఆట మానిపించండి. నిద్ర మాత్రం కోయకండి.

ప్రశ్న: మాకు ఓసారి విమానాశ్రయంలో ఒక జాతీయ స్థాయి అథ్లెట్ కలిశారు. ఆప్యాయంగా ఆత్రేయపురం పూతరేకులు పెట్టబోతే "వద్దండీ, ఏమనుకోకండి" అని చేతులు జోడించారు. మంచినీళ్ల సీసా ఇచ్చినా తీసుకోలేదు. పేరొచ్చాక ఇంత దూరం పెడతారా అనిపించింది.
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: దయచేసి అలా అనుకోకండి. డోపింగ్ (ఆటలో నిషేధించిన మందుల వాడకం) నిబంధనల ప్రకారం క్రీడాకారుల ఒంట్లో నిషేధిత పదార్థం దొరికితే బాధ్యత పూర్తిగా వాళ్లదే. "ఎవరో పెట్టారు, తెలియక తిన్నాను" అన్నంత మాత్రాన తప్పు పోదు. ఆ పదార్థం ఒంట్లోకి ఎలా వచ్చిందో వాళ్లే నిరూపించుకోవాలి. మీ పూతరేకుల్లో ఏమీ ఉండదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ ఎదుటి మనిషిని బట్టి ఒకరి దగ్గర తిని ఇంకొకరి దగ్గర మానడం మొదలుపెడితే ఏదో ఒకరోజు పొరపాటు జరుగుతుంది. అందుకే ఎవరి దగ్గరైనా వద్దనడమే వాళ్ల అలవాటు. మూత తీసిన సీసా అయితే సొంతదైనా, కాసేపు కనుమరుగైతే పారేస్తారు.

పరీక్షల జాబితాలో ఉన్న క్రీడాకారులు రోజూ ఒక 60 నిమిషాలు తాము ఎక్కడ దొరుకుతారో ముందే రాసి ఇవ్వాలి. 12 నెలల్లో మూడుసార్లు చెప్పిన చోట దొరక్కపోయినా, వివరాలు సరిగా ఇవ్వకపోయినా అదే ఒక ఉల్లంఘన. ఒంట్లో ఏ మందూ లేకపోయినా నిషేధం పడుతుంది. విమానాశ్రయంలో వాళ్లు ఫోన్‌లో తలవంచి టైప్ చేస్తుంటే, బహుశా ప్రయాణం మారినందుకు ఆ వివరాలే దిద్దుకుంటున్నారేమో.

ఇది పెద్దవాళ్ల గొడవ మాత్రమే అనుకోకండి, పిల్లలు ఆడే జాతీయ పోటీల్లోనూ నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) పరీక్షలు జరుగుతాయి. మన ఊళ్లలో అసలు ప్రమాదం ఆర్‌ఎంపీ దగ్గర ఉంది. జ్వరానికో ఒంటి నొప్పులకో "ఒక సూది వేస్తే పొద్దుటికి లేస్తాడు" అని వేసేవాటిలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉండవచ్చు. పోటీ సమయంలో సూదిగానో మాత్రగానో తీసుకున్న అలాంటి స్టెరాయిడ్లు నిషేధం. జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్‌కు కూడా పోటీ రోజుల్లో పరిమితి ఉంది. ఆస్తమాకు వాడే సాల్‌బ్యుటమాల్ ఇన్‌హేలర్‌కు మోతాదు లోపల అనుమతి ఉంది, అదే మందు మాత్రగా వేసుకుంటే నిషేధం. పిల్లవాడికి ఏ మందు రాసినా చీటీ మీద మందు అసలు పేరు రాయించుకుని, నాడా వాళ్ల నో యువర్ మెడిసిన్ యాప్‌లో చూసుకోండి. ఆ మందు తప్పనిసరి అయితే వైద్య మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టాలి, డాక్టరు రిపోర్టులతో సహా, వీలైనంత వరకు పోటీకి ముందే. జిమ్‌లో అమ్మే పొడుల సంగతి ఒక్క మాటలో: పెరుగుతున్న పిల్లలకు గుడ్లు, పాలు, పప్పు చాలు.

ప్రశ్న: విమానాశ్రయంలో పేరున్న క్రీడాకారులు ఎవరైనా కనిపిస్తే ఏం అడగాలి? నాకు సెల్ఫీ తప్ప ఏం తోచదు.
— డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే, కళ్లు మూసుకుని ఉంటే అసలు కదపకండి. పోటీకి వెళ్తున్నవాళ్లకు విమానాశ్రయంలో కూర్చునే గంట కూడా విశ్రాంతిలో భాగమే. మాట్లాడే వీలుంటే రహస్యం అడగవద్దు. అది ఇరవై ఏళ్ల పనిని ఒక వాక్యంలో చెప్పమనడం, కాబట్టి "కష్టపడాలి" అన్న జవాబే వస్తుంది. చిన్న ప్రశ్న వేయండి. "మొదటి రౌండ్లో ఓడిన మర్నాడు ఉదయం ఏం చేస్తారు?" "నా వయసులో ఉన్నప్పుడు మీకు ఏ తప్పు మానడానికి ఎక్కువ కాలం పట్టింది?" ఇలాంటివాటికి చేతికి పనికొచ్చే జవాబు వస్తుంది. వాళ్లు వెళ్లగానే, వాళ్లన్న మాటను అన్నట్టుగా రాసేసుకోండి. విజయవాడ అమ్మ చేసిన మంచి పని అదే.

ప్రశ్న: పెద్ద ఆటగాళ్లు రాకెట్‌కు 28, 30 పౌండ్లు బిగిస్తారట. నాకు 14 ఏళ్లు. నేనూ అంతే బిగించుకోవచ్చా?
— ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: వద్దు బాబూ. బిగువు పెరిగేకొద్దీ వలలో షటిల్ బాగా ఎగిరే చోటు చిన్నదవుతుంది. వాళ్లు ప్రతిసారీ ఆ నడిమధ్యనే కొట్టగలరు. నువ్వు పక్కకు కొడితే షటిల్ పోదు, దాన్ని పంపాలని చేత్తో బలం పెడతావు, మోచెయ్యి నొప్పి పట్టుకుంటుంది. ఫ్రేము కూడా పగలవచ్చు. ఇప్పటికి 21 లేదా 22 పౌండ్లు పెట్టించు. వెనక గీత నుంచి వెనక గీతకు క్లియర్ పదింటికి తొమ్మిది వెళ్తుంటే ఒక్క పౌండు పెంచు, అంతకుమించి వద్దు. తీగ తెగకపోయినా రెండు మూడు నెలలకు వదులవుతుంది, కొట్టినప్పుడు వచ్చే టంగుమనే మోత మందగిస్తే మార్పించు. ఎండలో నిలిపిన కారులో, స్కూటర్ మీద రాకెట్ వదిలేయకు. ఎండ వేడికి తీగ ఇంకా తొందరగా సాగుతుంది.