రెండు సెల్స్‌తో నడిచే మోడల్ రైలింజన్‌కు సౌండ్ పెట్టాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: ఇంజన్ 2 ఏఏ సెల్స్‌తో, అంటే 3 వోల్టులతో నడుస్తోంది, దానికి డీజిల్ ఇంజన్ చప్పుడూ హారనూ కావాలి, మరి డీసీసీ (పట్టాల ద్వారా డిజిటల్ ఆజ్ఞలతో రైలు నడిపే పద్ధతి) సౌండ్ డీకోడర్ కొనమంటారా అని. వద్దండి. ఆ డీకోడర్లు పట్టాల మీద పన్నెండు వోల్టులకు పైన కరెంటు ఉంటుందన్న లెక్కతో చేసినవి. 3 వోల్టులకు అవి పలకనే పలకవు. వోల్టేజీ పెంచే బోర్డు పెట్టి ఎలాగోలా పలికించినా, డీకోడర్ ఖర్చు మీ ఇంజన్ ఖరీదుకు ఎన్నో రెట్లవుతుంది. మా అక్క కొడుకు బ్యాటరీ ఇంజన్‌కు నేను హైదరాబాద్ కోఠీలో దొరికే సామానుతోనే పని కానిచ్చాను. అది చెప్తాను.

ముందు ఒక మాట. చాలామంది స్పీకర్ ఏది, శబ్దం వాయించే మాడ్యూల్ ఏది అని మొదలుపెడతారు. తక్కువ వోల్టేజీలో అసలు తంటా కరెంటుతోనే వస్తుంది. మీ సెల్స్ రెండు కొనలకూ మల్టీమీటర్ పెట్టి, ఇంజన్‌ను చేత్తో ఆపి పట్టుకుని చూడండి. 3 ఉన్నది కాస్తా గభాలున పడిపోతుంది. మోటార్ కదలబోయే క్షణంలోనూ ఇదే జరుగుతుంది. అదే సెల్స్ నుంచి ఎంటీ3608 లాంటి బూస్ట్ (వోల్టేజీ పెంచే) బోర్డుతో 5 వోల్టులు తీసి సౌండ్ మాడ్యూల్‌కు ఇచ్చారనుకోండి. ఆ బోర్డుకు కనీసం 2 వోల్టులు అందాలి. మోటార్ గుంజినప్పుడల్లా అవి అందవు, మాడ్యూల్ ఆగి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. రైలు కదిలిన ప్రతిసారీ చప్పుడు తెగిపోతుంటే పిల్లలు రెండు నిమిషాలు కూడా ఓపిక పట్టరు. పైగా బూస్ట్ అన్నది ఉత్తినే రాదు: 5 వోల్టుల దగ్గర 200 మిల్లీయాంపులు కావాలంటే, 2.4 వోల్టుల రీచార్జబుల్ సెల్స్ నుంచి దాదాపు 500 మిల్లీయాంపులు లాగుతుంది.

వోల్టేజీ అలా పడకుండా పెద్ద కెపాసిటర్ పెట్టండి, డయోడ్ పెట్టండి అని సలహాలిస్తారు. కొంత పనిచేస్తాయి, కాదనను. కానీ నా మాట వింటే మోటార్ సెల్స్ జోలికి వెళ్లకండి, సౌండ్‌కు వేరే బ్యాటరీ పెట్టండి. 3.7 వోల్టుల చిన్న లిథియం పాలిమర్ బ్యాటరీ, 300 ఎంఏహెచ్ ది చాలు, ఇంజన్ పై డొప్ప కింద పట్టేస్తుంది. చార్జింగ్‌కు ప్రొటెక్షన్ ఉన్న టీపీ4056 బోర్డు వాడండి. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఆ బోర్డు మామూలుగా 1 ఆంపియర్‌తో చార్జ్ చేస్తుంది, ఇంత చిన్న బ్యాటరీకి అది ప్రమాదం. బోర్డు మీద 1.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఉంటుంది, దాని మీద 122 అని ఉంటుంది. దాన్ని ఊడదీసి 5 కిలో ఓమ్‌లది వేస్తే 250 మిల్లీయాంపులకు దిగుతుంది. రెసిస్టర్ బియ్యపుగింజ కన్నా చిన్నది, మీకు చేయి తిరగకపోతే సెల్ ఫోన్ రిపేర్ చేసే అబ్బాయికివ్వండి, నిమిషంలో మార్చి ఇస్తాడు.

ఏఏ సైజులోనే 14500 అనే లిథియం సెల్ కూడా వస్తుంది. చూడ్డానికి ఒకేలా ఉంటుంది కానీ ఒక్కోటి 3.7 వోల్టులు. రెండూ అవే వేస్తే మోటార్‌కు 7.4 వోల్టులు పోతాయి. పిల్లలున్న ఇంట్లో ఆ సెల్స్ చేతికందేలా పెట్టకండి.

ఇక మాడ్యూల్. మెమరీ కార్డులోని ఫైళ్లను వాయించే చిన్న బోర్డు ఇది, డీఎఫ్‌ప్లేయర్ మినీ అని అడిగితే కోఠీ గుజరాతీ గల్లీ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో చూపిస్తారు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. 3.2 నుంచి 5 వోల్టుల మధ్య పనిచేస్తుంది, అంటే లిథియం బ్యాటరీకి నేరుగా కలపొచ్చు. మెమరీ కార్డు స్లాటూ, చిన్న స్పీకర్‌కు సరిపడే ఆంప్లిఫయరూ అందులోనే ఉంటాయి. కార్డును ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైళ్లను ఒక్కొక్కటిగా వరుసలో కాపీ చేయండి. పేరుతో కాకుండా కాపీ అయిన వరుసతో లెక్కపెట్టే అలవాటు దానికుంది.

దీనికి ఆజ్ఞలిచ్చేందుకు 3.3 వోల్టుల ఆర్డువినో ప్రో మినీ అనే చిన్న కంట్రోలర్ బోర్డు సరిపోతుంది. అలాంటిదే అయిన ఈఎస్‌పీ32 బోర్డు వాడదామనుకుంటే ఒకటి చూసుకోండి. చాలా బోర్డుల మీదుండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ (వోల్టేజీని తగ్గించి నిలకడగా ఇచ్చేది) ఒక వోల్టు దాకా మింగేస్తుంది, 3.7 వోల్టుల నుంచి 3.3 తీయడం దానివల్ల కాదు.

డీఎఫ్‌ప్లేయర్‌లో నాకు బాగా నచ్చింది అడ్వర్ట్ అనే ఫోల్డర్. దుకాణాల్లో పాటలు నడుస్తుంటే మధ్యలో ప్రకటన వచ్చి, మళ్లీ పాట ఆగిన చోట నుంచే సాగుతుంది చూడండి, ఆ పని కోసం పెట్టింది. ఇంజన్ చప్పుడును మామూలు ఫైలుగా, హారన్‌ను అడ్వర్ట్‌లో పెడితే మనకు కావాల్సింది అదే. కాకపోతే రెండు శబ్దాలనూ కలిపి వాయించడం దానికి రాదు, హారన్ మోగినంతసేపూ ఇంజన్ మూగబోతుంది. అందుకే హారన్ ఫైలు తయారు చేసేటప్పుడే దాని కింద ఇంజన్ చప్పుడును సన్నగా కలిపేయండి. వినేవాళ్లకు తేడా తెలియదు.

రైలు కదులుతోందని ఆర్డువినోకు తెలియాలి కదా. మోటార్ వైర్లను నేరుగా దానికి కలిపితే మోటార్ బ్రష్‌ల గరగర స్పీకర్‌లోకి వచ్చేస్తుంది. పీసీ814 అనే ఆప్టోకప్లర్ వేయండి. లోపల రెండు ఎల్ఈడీలు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి రైలు ముందుకెళ్లినా వెనక్కెళ్లినా పనిచేస్తుంది. మోటార్ వైపు 220 ఓమ్‌ల రెసిస్టర్ చాలు. వెలుతురుతోనే కబురు అందుతుంది కాబట్టి రెండు బ్యాటరీలకూ ఎక్కడా చుట్టరికం ఉండదు, గరగర దానంతటదే తగ్గిపోతుంది.

శబ్దం సంగతికి వద్దాం, నేను ఎక్కువ సేపు కూర్చున్నది దీని దగ్గరే. మౌలాలి వైపు వెళ్తే ఇప్పటికీ నిలబడి గుడగుడలాడే డీజిల్ ఇంజన్లు కనిపిస్తాయి. ప్లాట్‌ఫాం మీద నుంచే ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాను. ఇంటికొచ్చి చిన్న స్పీకర్‌లో వింటే డీజిల్ ఇంజన్ లేదు, ఏదో మిక్సీ తిరుగుతున్నట్టుంది. కారణం లెక్కలో ఉంది. పాత ఆల్కో డబ్ల్యూడీఎం-2 ఇంజన్‌కు 16 సిలిండర్లు, నాలుగు స్ట్రోకులు, అంటే ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి పేలుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు నిమిషానికి 400 చుట్లు తిరుగుతుందనుకుంటే, సెకనుకు 53 సార్లు సిలిండర్లు పేలతాయి. పూర్తి వేగంలో, అంటే 1000 చుట్లలో, అది 133 అవుతుంది. మన వేలెడు స్పీకర్ ఆ 53 హెర్ట్జ్ జోలికి పోలేదు. పోనీ వదిలేద్దామంటే, ఆ శబ్దం వినపడకపోయినా బ్యాటరీని మాత్రం తింటుంది, స్పీకర్ పొరను కొట్టుకునేలా చేస్తుంది.

కాబట్టి ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హై-పాస్ ఫిల్టర్ వేసి 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి. భయపడకండి, గుడగుడ పోదు. పై స్థాయిల్లో ఉండే దాని హార్మోనిక్స్ (అడుగు స్వరానికి రెట్టింపు, మూడింతలు ఉండే స్వరాలు) విని చెవి ఆ అడుగు స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. కోసిన తర్వాత వాల్యూం ఇంకాస్త పెంచుకోవచ్చు కూడా.

స్పీకర్‌కు ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లో పాత ఫోన్ల రింగర్ అడగండి, 8 ఓమ్‌లది. వట్టి రింగర్‌ను డొప్పలో వేలాడదీస్తే దోమ పాడినట్టు ఉంటుంది, ఎందుకంటే ముందు నుంచి వచ్చే శబ్దాన్ని వెనక నుంచి వచ్చేది చంపేస్తుంది. వెనక వైపు గాలి చొరబడని చిన్న పెట్టె కట్టాలి. ప్లాస్టిక్ షీటు ముక్కలు అతికించి, సందుల్లో గ్లూ గన్‌తో పూడ్చండి. ఒక్క మూల కారినా తేడా చెవికి తెలుస్తుంది. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఈ మొత్తం వ్యవహారంలో ఇంకెక్కడా లేదు.

ఎంపీ3 ఫైలు మళ్లీ మొదలయ్యే చోట రెప్పపాటు ఖాళీ వస్తుంది. దాన్ని సరిచేయాలని నేను కుస్తీ పట్టలేదు, ఇంజన్ చప్పుడునే అరగంట పొడవు ఫైలుగా చేసి పెట్టాను. కార్డులో జాగాకు కొదవేముంది.

హారన్‌కు బటన్ కన్నా రీడ్ స్విచ్, అంటే అయస్కాంతం దగ్గరకొస్తే కలిసే స్విచ్, బాగుంటుంది. ఇంజన్ అడుగున అది, పట్టాల మధ్య లెవెల్ క్రాసింగ్‌కు కాస్త ముందు చిన్న అయస్కాంతం. అసలు రైల్వే లైన్ల పక్కన ‘సీ/ఫా’ అని పసుపు బోర్డు ఉంటుంది కదా, సీటీ కొట్టు, ఫాటక్ వస్తోంది అని డ్రైవర్‌కు చెప్పేది, అలాంటిది అట్టముక్కతో చేసి అక్కడ పాతండి. మావాడు రైలు కన్నా ఆ బోర్డునే ఎక్కువ మందికి చూపించాడు.

మీకు ఆవిరి ఇంజన్ కావాలంటే చప్పుడు చక్రంతో కలవాలి: రెండు సిలిండర్లదైతే చక్రం ఒక చుట్టుకు నాలుగు ఛుక్‌లు. అక్కడా రీడ్ స్విచ్చే వాడండి. అందరూ చెప్పే, అయస్కాంతాన్ని పసిగట్టే ఏ3144 హాల్ సెన్సర్‌కు కనీసం 4.5 వోల్టులు కావాలి, మన బ్యాటరీతో కుదరదు.

చివరగా, సౌండ్ బ్యాటరీ ప్లస్ వైరు మీద తప్పకుండా ఒక స్విచ్ పెట్టండి. మాడ్యూల్ మౌనంగా ఉన్నా 20 మిల్లీయాంపుల వరకూ లాగుతూనే ఉంటుంది. రాత్రి మర్చిపోతే 300 ఎంఏహెచ్ బ్యాటరీ మర్నాడు మధ్యాహ్నానికి ఖాళీ. డొప్ప ఊడదీసే పని లేకుండా స్విచ్‌నూ చార్జింగ్ పిన్‌నూ ఇంజన్ అడుగు వైపుకు తెచ్చి బిగించండి.