బ్రెషియా నుంచి బ్రెషియాకి వెయ్యి మైళ్లు
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: ఇటలీలో ఒకప్పుడు మామూలు రోడ్ల మీదే స్పోర్ట్స్ కార్ల పందెం పెట్టేవారట. అంతమంది ఎందుకు చనిపోయారు? – ఒక పాఠకుడు, డోన్

జవాబు: అది మిల్లె మిల్యా. వెయ్యి మైళ్లని అర్థం. బ్రెషియాలో బయల్దేరి, రోమ్ దాకా వెళ్లి, తిరిగి బ్రెషియాకే రావాలి; సుమారు 1,600 కిలోమీటర్లు. 1927 నుంచి 1957 వరకు 24 సార్లు జరిగింది. మొదటిసారి గెలిచిన ఓఎం అనే ఇటలీ కంపెనీ కారుకి 21 గంటలు పైనే పట్టింది, సగటు వేగం గంటకు 77 కిలోమీటర్లు. 1955లో స్టిర్లింగ్ మాస్ అనే బ్రిటిష్ డ్రైవరు మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్‌లో 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. సగటు 157 దాటింది. కర్నూలులో బయల్దేరితే గంటలో అనంతపురం చేరడమన్నమాట, అదీ సందులూ కనుమలూ కలుపుకొని.

కార్లు ఇంత మారినా రోడ్డు అదే, జనం నిలబడే చోటూ అదే. కదిరి తేరు చూడ్డానికి నిలబడ్డట్టు పిల్లల్ని ముందు పెట్టుకుని రోడ్డంచునే నిలబడేవారు. 1938లో బొలోన్యాలో ఒక కారు అదుపుతప్పి జనంలోకి దూసుకెళ్తే 10 మంది పోయారు, అందులో ఏడుగురు పిల్లలు. అప్పుడు ఆపిన పందేన్ని మళ్లీ మొదలుపెట్టారు, కానీ జనానికీ కారుకీ మధ్య గట్టి అడ్డు మాత్రం రాలేదు. మా దృష్టిలో వేగం కంటే పెద్ద తప్పు ఇదే.

ప్రశ్న: మాస్ కాగితం చుట్ట చూసుకుంటూ గెలిచాడంటారు, నిజమేనా? – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: నిజమే, కాకపోతే చూసింది మాస్ కాదు, పక్క సీట్లోని డెనిస్ జెంకిన్‌సన్ అనే పాత్రికేయుడు. ఇద్దరూ ముందే దారంతా తిరిగి మలుపులు, మిట్టలు, రైల్వే గేట్లు రాసుకున్నారు. ఆ రాతల్ని 18 అడుగుల కాగితం మీదికెక్కించి, అల్యూమినియం పెట్టెలో రెండు కడ్డీలకు చుట్టారు. అద్దంలాంటి కిటికీలోంచి చదువుతూ కడ్డీ తిప్పుకోవాలి. ఇంజిన్ హోరులో మాట వినబడదు కాబట్టి కబురంతా చేతి సైగలే. మిట్ట అవతల దారి తిన్నగా ఉందని సైగ అందితే, కనబడకపోయినా మాస్ కాలు తీసేవాడు కాదు. వాళ్ల కారు నంబరు 722. అంటే ఉదయం 7:22కి బయల్దేరిందని.

ప్రశ్న: టైరు పేలడం వల్లే ఆ పందెం ఆగిపోయిందంటారు. మన హైవేలో వేసవిలో పేలే టైర్లకీ అదే కారణమా? – ఒక పాఠకుడు, గుత్తి

జవాబు: 1957 మే 12న గుయిదిజ్జోలో దగ్గర, గమ్యం ఇంకాస్త దూరముందనగా, స్పెయిన్ డ్రైవరు పోర్తాగో నడుపుతున్న ఫెరారీ టైరు పేలింది. అతనూ, పక్క సీట్లోని సహచరుడు నెల్సనూ, తొమ్మిదిమంది ప్రేక్షకులూ చనిపోయారు. వారిలో ఐదుగురు పిల్లలు. దాంతో ఆ పందేనికి తెరపడింది.

మన దగ్గర ఎక్కువగా చూసే కారణం గాలి తక్కువ కావడం. టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ వంగి లేస్తూ కాగిపోతుంది, లోపలి దారాల నుంచి రబ్బరు విడిపోతుంది. ఎండలకి పేలుతుందని గాలి తగ్గించేవాళ్లున్నారు, అది తలకిందుల పని. పొద్దున్నే, బండి కదలక ముందు, డ్రైవరు తలుపు చట్రం మీద రాసినంత కొట్టించండి. నిండా మనుషులూ సామానూ ఉంటే నిండు బరువుకి రాసిన లెక్క చూడండి. దారిలో వేడెక్కి నాలుగైదు పాయింట్లు పెరిగిందని గాలి తీయకండి. తాడిపత్రి బండల లారీలు తిరిగే దారిలో రాతిముక్క అంచు తగిలి పక్కగోడ బొబ్బలా ఉబ్బితే ప్యాచీ పనికిరాదు, టైరు మార్చాల్సిందే. టైరు వయసు తెలియాలంటే పక్కగోడ మీదున్న నాలుగంకెలూ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ.

నడుస్తుండగా పేలితే బ్రేకు తొక్కొద్దు. స్టీరింగు రెండు చేతులా తిన్నగా బిగించి, యాక్సిలరేటరు మెల్లగా వదిలి, వేగం పడ్డాకే ఎడమ అంచుకి తీయండి.